ఎనిమిదో రీలు

పెట్టె ఒకటే, ఊళ్లు రెండు.
మొదటాట పాతపట్నంలో ఆరింటికి,
పర్లాకిమిడిలో ఆరూముప్పావుకి.
నడుమ ఒక వంతెన, ఒక చెక్‌పోస్టు,
ఒక సైకిలు, నేను.

పాత ట్యూబుతో క్యారేజీకి బిగించేవాణ్ణి.
ఆంధ్రాలో హీరో దెబ్బలు తింటుంటే
ఒడిశాలో అతనికింకా పెళ్లిచూపులు.
వంతెన మీద, నా వీపు వెనక,
అతని తల్లి చచ్చిపోతూ ఉండేది,
గుండ్రంగా, చప్పుడు లేకుండా,
రెండువేల అడుగుల పొడుగున.

"పెట్టెలో ఏటుందిరా?" అని కొత్త హవల్దారు.
"చావు సీను బాబూ, అటేపు జనం కాసుకునున్నారు."
గేటు లేచేది.

నీలమాధవ టాకీసు కేబిన్‌లో దండాసి పాత్రో
కార్బన్ కడ్డీలు దగ్గరికి జరిపి
ఆ తెల్లమంటని నల్లద్దంలోంచి చూసేవాడు,
అన్నం ఉడికిందో లేదో చూసినట్టు.
తెర మూల చుక్క పడితే రెండో మిషను.
ఆ చుక్క మీకు కనపడదు.
మాకదొక్కటే కనపడేది.
ఎన్ని సినిమాలో, చుక్కలుగానే చూశాను.

తెగితే బ్లేడుతో గీకి, అసిటోను రాసి,
ఉఫ్ అని ఊది అతికించేవాడు.
అతుకు పడ్డ ప్రతిసారీ ఒక రెప్పపాటు ఖర్చు.
మూడో వారానికి హీరోయిను
గడప దాటకుండానే వీధిలో ఉండేది.
బెంచీవాళ్లు ఆ గడపని వాళ్లే దాటించుకున్నారు.

ఆ ఏడు భాద్రపదంలో మహేంద్రతనయ వంతెనెక్కింది.
నేనూ, ఆఖరుదైన ఎనిమిదో రీలూ
పాతపట్నంలోనే ఉండిపోయాం.
తర్వాత విన్నదే ఇది:
గంటసేపు ఈలలయ్యాక దండాసి కిందికి దిగాడట,
టిక్కెట్లు పిలిచే మైకు పట్టుకున్నాడట,
బెంచీకి తెలుగులో చెప్పాడట, విలన్ని చంపేశాడని.
బాల్కనీకి ఒడియాలో చెప్పాడట, క్షమించి ఒగ్గేశాడని.
రెండు భాషలూ వచ్చినవాళ్లు
దారి పొడుగునా కొట్టుకున్నారు.
మర్నాడు అసలు రీలు ఆడితే
ఎవరికీ నచ్చలేదు.

ఇప్పుడు పెట్టె లేదు.
సినిమా ఆకాశంలోంచి దిగుతుంది,
తాళం బొంబాయి నుంచి అంకెలుగా వస్తుంది.
రెండూళ్లలోనూ ఒకే క్షణాన దెబ్బ తింటాడు హీరో.
అబద్ధమెందుకు, బొమ్మ బాగుంది.
వానగీతల్లేవు, వణుకు లేదు.
నల్లచీర కాస్త బూడిదరంగనిపిస్తుంది,
అది నా కళ్లే అయ్యుండొచ్చు,
శుక్లాలు తీయించుకోలేదింకా.

మొన్న మా చెల్లెలి మనవరాలు లిపిక
కర్రకి ఫోను తగిలించి వంతెన దగ్గర నిలబెట్టింది.
"తాతా, నువ్వలా తొక్కుకుంటూ రా."
వచ్చాను.
"మళ్లీ."
వచ్చాను.
ఎండ మారింది, లారీ అడ్డమొచ్చింది,
నేను ఫోను వైపు చూశాను. మళ్లీ.
"ఇంతకుముందువి ఏటయ్యాయే?"
"తీసేశాను తాతా."
"తీసేస్తే ఎక్కడికెళ్తాయి?"
"ఎక్కడికీ వెళ్లవు. ఉండవంతే."

దండాసి కోసిన ముక్కలు కేబిన్ నేల మీదుండేవి.
కాలికంటుకుని మా ఇంటిదాకా వచ్చేవి.
ఒకసారి మా ఆవిడ చాప దులిపితే
ఎవరో నటి సగం నవ్వు రాలింది.

పంతొమ్మిదోసారికి తెలిసింది తప్పెక్కడుందో.
క్యారేజీ ఖాళీ.
బరువు లేని సైకిలు వంతెన మీద తూలుతోంది,
అది పిల్ల కంటికి ముసలితనంలా కనపడుతోంది.

ఇంటికెళ్లాను.
వరదకి తుప్పుపట్టి నాకే మిగిలిపోయిన డబ్బా,
మూత మీద తెల్లరంగుతో ఎనిమిది.
మా ఆవిడ అందులో చింతపండు దాస్తుంది.
"ఎక్కడికయ్యా అది?" అంటున్నా వినకుండా
పండుతో సహా తెచ్చి
ట్యూబు లాగి, బిగించి కట్టాను.

"కానియ్యవే," అన్నాను లిపికతో.
"ఒక్కసారే తొక్కుతాను.
అటేపు జనం కాసుకునున్నారు."